మెదడు కుదుపు: ముందు కొలత, తరువాత కొలత

2019వ సంవత్సరము ఆగస్టు 17వ తేదీన లండను నగరమందలి లార్డ్సు మైదానమున ఇంగ్లండు, ఆస్ట్రేలియా జట్ల మధ్య టెస్టు పందెము జరుగుచుండెను. ఆస్ట్రేలియా ఆటగాడు స్టీవ్ స్మిత్ 80 పరుగులతో ఆడుచుండగా, జోఫ్రా ఆర్చర్ విసరిన వేగవంతమైన బంతి యొకటి అతని మెడకు తగిలెను. స్మిత్ నేలకొరిగెను. వైద్యుడు అతనిని మైదానమునుండి తీసికొనిపోయి పరీక్షించెను. పరీక్షలలో లోపమేమియు కనబడలేదు. అతడు మరల వచ్చి బ్యాటు పట్టి 92 పరుగులు చేసి అవుటయ్యెను. కాని మరునాటి ఉదయము లేచునప్పటికి తలనొప్పియు, మత్తుగా నున్నట్లు భావనయు కలిగినవి. వైద్యుడు అవే పరీక్షలను మరల జరిపెను. ఈ పర్యాయము ఫలితములు మునుపటికంటె తగ్గియుండెను. స్మిత్ ఆటనుండి తప్పుకొనెను. ఆ నెలలోనే అమలులోనికి వచ్చిన క్రొత్త నిబంధన ప్రకారము అతని స్థానమున మార్నస్ లబుషేన్ ఆడెను. తలదెబ్బ కారణముగా మరియొకనికి బదులు టెస్టు పందెములో ఆడిన మొదటి క్రీడాకారుడు అతడే.

ఈ చిన్న సంఘటనలో ఒక పెద్ద ప్రశ్న యిమిడి యున్నది. ఎముక విరిగినచో ఎక్స్‌రే చిత్రము చూపును. జ్వరము వచ్చినచో ఉష్ణమాపకము చెప్పును. కంటికి కనబడని, చిత్రమునకు చిక్కని మెదడు కుదుపును కొలుచుటకు సాధన మేది? మొదటిరోజున బాగున్నాడనియు, రెండవరోజున బాగులేడనియు వైద్యుడు దేనితో పోల్చి చెప్పగలిగెను?

మెదడు కుదుపు అనగా నేమి?

దీనిని ఇంగ్లీషున కన్కషన్ అందురు. గట్టిగా కుదుపుట అను అర్థముగల లాటిను మాటనుండి ఈ పేరు వచ్చినది. క్రీ. శ. పదవ శతాబ్దమునాటికే పారశీక వైద్యుడు అల్ రాజీ, మెదడు చితికిపోవు గాయమునకును, మెదడు పని మాత్రమే తాత్కాలికముగా చెడు స్థితికిని గల భేదమును గుర్తించెను.

పెద్దవారి మెదడు సుమారు 1,300 లేక 1,400 గ్రాముల బరువుండును. అది మెత్తని పదార్థము. దానిచుట్టును పలుచని ద్రవము కలదు. ఆర్కిమెడీసు సూత్రము ననుసరించి, ఆ ద్రవములో తేలుటవలన మెదడు బరువు సుమారు 50 గ్రాములు మాత్రమే ఉన్నట్లగును. నడచునప్పుడును, పరుగెత్తునప్పుడును కలుగు చిన్న కుదుపులను ఈ ఏర్పాటు చక్కగా కాపాడును. కాని పెద్ద దెబ్బ తగిలినపుడు ఇది చాలదు. వేగముగా పోవు బస్సు హఠాత్తుగా ఆగినచో ప్రయాణికులు ముందునకు తూలుదురుగదా! అటులనే పుర్రె ఆగినను మెదడు తన జడత్వముచేత ముందునకు సాగును. తల గిరుక్కున తిరిగినచో మెదడులోని పొరలు ఒకదానిపై నొకటి మెలిపడును. అందలి సన్నని నాడీతంతువులు సాగును. ఇందులకు తలకే దెబ్బ తగులవలెనన్న నియమము లేదు. మెడకో, భుజమునకో తగిలిన దెబ్బ తలను విదిలించినను చాలును.

నాడీకణపు పొర సాధారణముగా పొటాసియమును లోపలను, సోడియము, కాల్షియములను వెలుపలను ఉంచుచుండును. తంతువులు సాగినపుడు ఈ కట్టుబాటు తప్పును. పొటాసియము బయటికి పోవును. కాల్షియము లోనికి చొరబడును. వీనిని మరల యథాస్థానములకు చేర్చుటకు కణములు తమ పంపులను పూర్తి బలముతో నడపవలసివచ్చును. అందులకు గ్లూకోజు విశేషముగా కావలెను. కాని సరిగా ఆ సమయముననే మెదడునకు రక్తప్రసారము తగ్గును. ఖర్చు పెరిగి రాబడి తగ్గిన సంసారమువలె మెదడు కొన్ని దినములపాటు ఇబ్బంది పడును. తలనొప్పి, తలతిరుగుట, వెలుతురు సహింపలేకపోవుట, మరపు, మందకొడితనము మొదలగునవన్నియు ఆ ఇబ్బందికి గుర్తులు.

దీనినిబట్టి రెండు విషయములు తెలియుచున్నవి. ఒకటి: ఇది నిర్మాణములో కలిగిన లోపము కాదు, పనిలో కలిగిన లోపము. కావుననే సి. టి. స్కాను తీసినను సాధారణముగా ఏమియు కనబడదు. రెండు: స్పృహ తప్పినవానికే మెదడు కుదుపు కలిగినదనుకొనుట పొరపాటు. క్రీడలలో కలుగు మెదడు కుదుపులలో స్పృహ తప్పుట పదింట ఒకటికంటె తక్కువ.

రెండవ దెబ్బ

చాలమందికి ఈ ఇబ్బంది తనంతతానే తీరును. అటులైన దీనిని అంత జాగ్రత్తగా కొలువవలసిన అవసర మేమి? మొదటి దెబ్బనుండి మెదడు తేరుకొనకముందే రెండవ దెబ్బ తగులుటలో ప్రమాదము కలదు. ఆ రెండవ దెబ్బ చిన్నదైనను, కొన్ని సందర్భములలో మెదడులోని రక్తనాళములు తమ అదుపును కోల్పోయి మెదడు కొద్ది నిమిషములలో వాచును. పుర్రె సాగదు కావున ఒత్తిడి పెరిగి ప్రాణమునకే ముప్పు వచ్చును. 1984లో అమెరికా వైద్యు లిద్దరు ఇట్టి మరణము నొకదానిని వివరించిన పిమ్మట దీనికి 'రెండవ దెబ్బ రుగ్మత' అను పేరు స్థిరపడినది. ఇది అరుదు. కాని ఇది కలిగినవారిలో హెచ్చుమంది ఎదుగు వయసులోనివారే.

2006లో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రమున పదమూడేండ్ల బాలు డొకడు ఫుట్‌బాల్ ఆటలో తల నేలకు కొట్టుకొని పడెను. కొంతసేపు విశ్రమించి అదే ఆటలో మరల దిగెను. ఆట ముగియగానే కుప్పకూలెను. శస్త్రచికిత్సవలన ప్రాణము దక్కినది గాని మాట, నడక మరల నేర్చుకొనవలసివచ్చెను. 2009లో ఆ రాష్ట్రము ఆ బాలుని పేరుమీదుగా లిస్టెడ్ చట్టమును చేసెను. మెదడు కుదుపు కలిగినదను అనుమానమున్న విద్యార్థిని వెంటనే ఆటనుండి తప్పింపవలెననియు, అర్హుడైన వైద్యుడు వ్రాతమూలముగా అనుమతించువరకు మరల ఆడనీయరాదనియు ఆ చట్టము నిర్దేశించినది. 2014 నాటికి అమెరికాలోని అన్ని రాష్ట్రములును ఇట్టి చట్టములను చేసినవి.

చట్టము చేయుట సులభము. 'ఈ బాలుడు కోలుకొనెను' అని వైద్యుడు దేనినిబట్టి సంతకము చేయవలెను?

ముందు కొలత యెందుకు?

ఒక విద్యార్థి బరువు 40 కిలోగ్రాములని తెలిసినది. అతడు చిక్కెనా, లావెక్కెనా? మునుపటి బరువు తెలియనిదే చెప్పలేము. మెదడు విషయమును అట్టిదే. ఇద్దరు విద్యార్థు లున్నారనుకొనుడు. జ్ఞాపకశక్తి, ఏకాగ్రతల పరీక్షలో ముప్పదింటికి సాధారణముగా మొదటివానికి 25 మార్కులును, రెండవవానికి 29 మార్కులును వచ్చును. ఒకనాటి ఆటలో ఇద్దరును ఢీకొని పడిరి. పరీక్షింపగా ఇద్దరికిని 25 మార్కులే వచ్చినవి. సగటుతో పోల్చు వైద్యునికి ఇద్దరును ఒక్కటిగానే కనబడుదురు. కాని ఎవరి పాత కొలతతో వారిని పోల్చినచో, మొదటివాడు యథాప్రకారముగా ఉన్నాడనియు, రెండవవాడు నాలుగు మార్కులు కోల్పోయెననియు తెలియును. ఆటలకాలము ప్రారంభము కాకముందు, ఆరోగ్యముగా నున్నప్పుడే తీసికొను కొలతను 'ఆధార కొలత' అనవచ్చును.

ఈ పద్ధతిని మొదట పెద్దయెత్తున ప్రయోగించినవారు వర్జీనియా విశ్వవిద్యాలయమునకు చెందిన జెఫ్రీ బార్త్ అను మనశ్శాస్త్రవేత్తయు, ఆయన సహచరులును. 1980 తరువాతి యేండ్లలో వారు పది విశ్వవిద్యాలయములకు చెందిన 2,300 మందికి పైగా ఫుట్‌బాల్ క్రీడాకారులను ఆటలకాలమునకు ముందే పరీక్షించి యుంచిరి. తరువాత తలదెబ్బ తగిలినవారిని మరల పరీక్షించిరి. తేలికపాటి దెబ్బ తగిలినవారికి గూడ మొదటి దినములలో చురుకుదనము తగ్గుననియు, సుమారు పదిదినములలో అది తిరిగివచ్చుననియు తేలినది. 1990 తరువాత పిట్స్‌బర్గు నగరమున జోసెఫ్ మరూన్ అను శస్త్రవైద్యుడు, మార్క్ లొవెల్ అను మనశ్శాస్త్రవేత్త ఈ పద్ధతిని వృత్తి క్రీడాకారుల జట్టులో ప్రవేశపెట్టిరి. అటుపిమ్మట వారి కృషివలననే కంప్యూటరుపై జరుపు పరీక్ష యొకటి పుట్టినది. అది జ్ఞాపకశక్తితోబాటు, గుర్తు కనబడిన తరువాత మీట నొక్కుటకు పట్టు కాలమును గూడ కొలుచును. 2016లో అమెరికా ప్రభుత్వ ఔషధ నియంత్రణ సంస్థ దానికి అనుమతి నిచ్చినది.

కొలుచు విధానము

కంప్యూటరు లేకయే కాగితము, కలము, గడియారములతో జరుపదగిన పరీక్షయు కలదు. 2001 నుండి క్రీడావైద్య నిపుణులు కొన్ని యేండ్ల కొకమారు అంతర్జాతీయ సభ జరుపుచున్నారు. 2004లో ప్రాగు నగరమందు జరిగిన సభ ఫలితముగా 'స్కాట్' అను పరీక్షాపత్రము తయారైనది. 2022లో ఆమ్‌స్టర్‌డామ్ సభ పిమ్మట, 2023లో 'స్కాట్-6' అను దాని క్రొత్త రూపము వెలువడినది. ఇది పదమూడేండ్లు, అంతకు పైబడినవారికి. ఎనిమిది మొదలు పండ్రెండేండ్లవారికి వేరుపత్రము కలదు. పరీక్షకు కనీసము 10 లేక 15 నిమిషములు పట్టును. దీనిలోని ముఖ్య భాగము లివి:

మొదటిది లక్షణముల పట్టిక. తలనొప్పి, వికారము, తలతిరుగుట, చూపు మసకబారుట, నిద్రమత్తు, చిరాకు, విచారము మొదలగు 22 లక్షణము లందు కలవు. ప్రతిదానికి సున్న మొదలు 6 వరకు ఎంత బాధగా నున్నదో విద్యార్థియే అంకె వేయును. అన్నియు తీవ్రముగా నున్నచో మొత్తము 132 అగును.

రెండవది జ్ఞాపకశక్తి. పది మాటలను చదివి వినిపించి, గుర్తున్నవానిని చెప్పమందురు. ఇట్లు మూడుమారులు చేయుదురు. కనీసము అయిదు నిమిషముల పిమ్మట, ముందుగా హెచ్చరింపకయే, ఆ పది మాటలను మరల అడుగుదురు.

మూడవది ఏకాగ్రత. కొన్ని అంకెలు చెప్పి, వెనుకనుండి ముందునకు చెప్పమందురు. 7-2-5 అన్నచో 5-2-7 అనవలెను. మూడంకెలతో మొదలిడి ఆరంకెల వరకు పోవుదురు. తరువాత సంవత్సరములోని నెలలను చివరినుండి మొదటికి చెప్పింతురు.

నాలుగవది శరీరపు నిలుకడ. నడుముపై చేతులుంచి, కన్నులు మూసికొని, మూడు విధములుగా ఒక్కొక్కటి 20 సెకండ్లు నిలువవలెను: రెండు పాదములు చేర్చి, ఒంటికాలిపై, ఒక పాదము వెనుక మరియొకటి ఉంచి. తూలుట, కన్ను తెరచుట, చేయి తీయుట తప్పులుగా లెక్కింతురు.

వీనికి ముందే మైదానమందు అడుగవలసిన ప్రశ్నలు కొన్ని కలవు. 1995లో ఆస్ట్రేలియా పరిశోధకులు ఒక విశేషమును కనుగొనిరి. 'నీ పుట్టినరోజు ఎప్పుడు?' అని అడిగినచో దెబ్బ తిన్నవాడు సైతము సరిగానే చెప్పును. 'ఇప్పుడు మన మే మైదానములో నున్నాము? చివరి గోలు ఎవరు వేసిరి? క్రిందటి ఆటలో మీ జట్టు గెలిచెనా?' అను ప్రశ్నలకు తడబడును. పాత జ్ఞాపకములు భద్రముగా నుండును, క్రొత్తవే చెదరును.

ఏ శక్తి ఎప్పుడు తిరిగివచ్చును?

1999 నుండి 2001 వరకు అమెరికాలో 15 కళాశాలలకు చెందిన 1,631 మంది ఫుట్‌బాల్ క్రీడాకారులకు ఆధార కొలతలు తీసిరి. వారిలో 94 మందికి మెదడు కుదుపు కలిగినది. వారిని దెబ్బ తగిలిన వెంటనే మొదలుకొని అనేక పర్యాయములు పరీక్షింపగా, శరీరపు నిలుకడ 3 మొదలు 5 దినములలోను, ఆలోచనాశక్తి 5 మొదలు 7 దినములలోను, తలనొప్పి మొదలగు లక్షణములు సుమారు 7 దినములకును ఆధార కొలతకు చేరినవి. కాని కొద్దిమందికి వారము గడచినను తగ్గలేదు. ఉన్నతపాఠశాల విద్యార్థులకు పెద్దవారికంటె హెచ్చుకాలము, నాలుగు వారములవరకు, పట్టవచ్చును.

కావున ఒక్క కొలత చాలదు. నిలుకడ బాగున్నంతమాత్రాన మెదడు బాగైనదనుటకు వీలులేదు. మొదటిగంటలో బాగున్నవాడు మరునాడు బాగుగా నుండుననియు చెప్పలేము. లార్డ్సు మైదానమున జరిగినది అదియే. ఇంకొక విశేషము: స్కాట్ పరీక్ష దెబ్బ తగిలిన మొదటి మూడు దినములలో బాగుగా పనిచేయును, వారము దాటినచో దానిపై ఆధారపడరాదు. అటుపై వైద్యుడు వేరు పరీక్షలు చేయవలసియుండును.

కొలబద్దలోని లోపములు

భౌతికశాస్త్ర ప్రయోగశాలలో ఒకే తీగ పొడవును పదిమారులు కొలిచినను పది అంకెలు సరిగా ఒక్కటే రావు. మనస్సును కొలుచునప్పు డీ హెచ్చుతగ్గులు ఇంకను ఎక్కువ. ఆరోగ్యవంతుని మార్కులు గూడ రోజుకు రోజు ఒకటి రెండు మారును. అందుచేత ఒక్క మార్కు తగ్గినంతమాత్రాన గాయమని తీర్మానింపరాదు. సహజమైన హెచ్చుతగ్గులకు మించిన మార్పునే లెక్కలోనికి తీసికొనవలెను. దీనికి విరుద్ధమైన చిక్కు మరియొకటి కలదు. ఒకమారు వ్రాసిన పరీక్షను రెండవమారు వ్రాయునప్పుడు అభ్యాసమువలన మార్కులు కొంచెము పెరుగును. పెరుగవలసిన మార్కులు పెరుగక, ఉన్నచోటనే నిలిచినచో, అదియు అనుమానింపదగిన విషయమే.

ఆధార కొలత తీయు దినమున విద్యార్థికి నిద్ర చాలకపోయినను, గదిలో పలువురు గుమిగూడి గోలచేయుచున్నను మార్కులు తగ్గును. అమెరికాలోని మెయిన్ రాష్ట్రమున సుమారు 32,000 మంది ఉన్నతపాఠశాల క్రీడాకారుల ఆధార కొలతలను పరిశీలించి 2015లో ప్రకటించిరి. ఇటీవల ఏ దెబ్బయు తగులనివారిలోనే, బాలురలో నూటికి 19 మందియు, బాలికలలో నూటికి 28 మందియు మెదడు కుదుపువంటి లక్షణములను తెలిపిరి! నిద్రలేమి, మనోవ్యాకులత, మునుపటి జబ్బులు ఇందులకు కారణములు. ఆధార కొలత లేనిచో ఈ తలనొప్పులన్నియు దెబ్బ పద్దునందే వ్రాయబడును.

భాష సంగతియు మరువరాదు. ఈ పత్రములు మొదట ఇంగ్లీషున తయారైనవి. పరాయిభాషలోని పది మాటలను జ్ఞాపకముంచుకొనుట ఆరోగ్యవంతునికే కష్టము. తెలుగులో నెలలను అలవాటుగా చెప్పు బాలునిచే ఇంగ్లీషు నెలలను వెనుకనుండి చెప్పించినచో, తెలియునది ఇంగ్లీషు పాండిత్యమేగాని మెదడు స్థితి కాదు. ముందు కొలతయు, తరువాత కొలతయు విద్యార్థి ఆలోచించు భాషలోనే, ఒకే విధముగా జరుగవలెను.

అన్నింటికంటె విచిత్రమైన లోపము మరియొకటి. త్రాసును మోసగింపదలచినవాడు రెండు పళ్లెములలో దేనినైనను తాకవచ్చును. కొందరు క్రీడాకారులు, తరువాత దెబ్బ తగిలినను తేడా కనబడకుండుటకై, ఆధార పరీక్షలో కావలెననియే తక్కువ మార్కులు తెచ్చుకొందురు. ఇది అంత సులభము కాదు. 2012లో ప్రకటింపబడిన ఒక ప్రయోగములో 75 మంది విద్యార్థులను కంప్యూటరు పరీక్షను ఇట్లు మోసగింపుడని కోరగా, దొరకకుండ మోసగింపగలిగినవారు 8 మంది మాత్రమే.

దాచిన దెబ్బలు

కొలత యెంత మంచిదైనను, దెబ్బను దాచినవానికి అది ఉపయోగింపదు. 2004లో అమెరికాలోని మిల్వాకీ ప్రాంతమున ఉన్నతపాఠశాల ఫుట్‌బాల్ క్రీడాకారులను 1,532 మందిని ఆటలకాలము ముగిసిన పిమ్మట విచారించిన వివరములు వెలువడినవి. మెదడు కుదుపు కలిగినదని చెప్పినవారిలో సగముకంటె హెచ్చుమంది అప్పు డెవరికిని చెప్పనేలేదు. కారణ మడుగగా, 'అది అంత పెద్దదని తోచలేదు' అన్నవారు ఎక్కువమంది. 'ఆటనుండి తీసివేయుదురని భయము' అన్నవారు కొందరు. 'అది మెదడు కుదుపని తెలియలేదు' అన్నవారు మరికొందరు. మొదటిదానికిని, మూడవదానికిని మందు విద్య. రెండవదానికి మందు, చెప్పినవానిని పిరికివాడని యెగతాళి చేయని ఉపాధ్యాయుడు.

పాఠశాలలో చేయదగినది

ఆధార కొలత ఉపయోగకరమే గాని తప్పనిసరి కాదని అంతర్జాతీయ నిపుణుల అభిప్రాయము. అది లేని పాఠశాలలోను విద్యార్థిని కాపాడవచ్చును. క్రికెట్టు బంతి తగిలినను, కబడ్డీలో తలలు ఢీకొన్నను, బాలుడు తూలుచున్నను, అయోమయముగా చూచుచున్నను, అడిగినదే అడుగుచున్నను, ఆనాటికి ఆట చాలింపవలెను. అనుమానమున్నచో కూర్చుండబెట్టుటయే నియమము. అతనిని ఒంటరిగా విడువరాదు. తలనొప్పి అంతకంతకు పెరుగుట, మాటిమాటికి వాంతి, మూర్ఛ, మెడనొప్పి, చూపు రెండుగా కనబడుట, కాలుసేతుల బలహీనత, స్పృహ తగ్గుట - వీనిలో ఏ ఒక్కటి కనబడినను ఆలస్యము చేయక ఆసుపత్రికి చేర్పవలెను.

మొదటి ఒకటి రెండు దినములు విశ్రాంతి కావలెను. కాని చీకటిగదిలో వారములతరబడి పరుండబెట్టు పాతపద్ధతి ఇప్పుడు లేదు. తరువాత మెల్లగా నడక, పిమ్మట పరుగు, ఒంటరి అభ్యాసము, వైద్యుని అనుమతిపై జట్టుతో అభ్యాసము, చివరకు ఆట - ఇట్లు మెట్టుమెట్టుగా, మెట్టునకు కనీస మొకదినము చొప్పున, పైకి పోవలెను. ఆటకంటె ముందు చదువు. దెబ్బ తగిలిన వారమున విద్యార్థి పాఠమును మరచినచో, లెక్క ఆలస్యముగా చేసినచో, అది సోమరితనము కాదు. ఖర్చుకు తగిన రాబడిలేని మెదడు పడుచున్న ప్రయాస. అతనికి పరీక్షను వాయిదా వేయుట దయ కాదు, చికిత్సలో భాగము.

పత్రముమీది అంకెలకంటె ముందే బాలునిలోని మార్పును పట్టగలవాడు వానిని ప్రతిదినము చూచు ఉపాధ్యాయుడు. ఏ విద్యార్థి ఎంత చురుకైనవాడో, ఎట్లు మాటలాడునో, ఏ ప్రశ్నకు ఎంతసేపటిలో జవాబు చెప్పునో ఆయనకు తెలియును. అదియు నొక ఆధార కొలతయే. దెబ్బ తగిలిన మరునాడు తరగతిలో ఆ బాలుని ముఖమును ఒకమారు పరికించి, 'నిన్నటివలె ఉన్నావా?' అని అడుగుటకు ఏ పరికరమును అక్కరలేదు.